రాయపూర్ - విశాఖపట్నం ఆర్థిక కారిడార్: సాలూరు నుంచి సబ్బవరం వరకు

ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రాలలోని గనులను, పరిశ్రమలను విశాఖ రేవుతో అనుసంధానించేందుకు ఉద్దేశించిన రాయపూర్ - విశాఖపట్నం ఆరు వరుసల ఆర్థిక కారిడార్ మొత్తం పొడవు 464 కిలోమీటర్లు. ఇందులో సుమారు 125 కిలోమీటర్లు ఛత్తీస్‌గఢ్‌లో, 240 కిలోమీటర్లు ఒడిశాలో, 100 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవి. భారత్‌మాల పరియోజన కింద 130-సి.డి. జాతీయ రహదారిగా చేపట్టిన ఈ మార్గంలో మన రాష్ట్ర భాగానికి 2022 నవంబరు 12న విశాఖపట్నంలో ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. ఈ భాగం వ్యయం రూ.3,750 కోట్లకు పైగా అంచనా వేయడమైనది.

రేవు కోసం లోతట్టు ప్రాంతానికి దారి వేయడం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు పార్వతీపురం మీదుగా విజయనగరం - రాయపూర్ రైలు మార్గాన్ని 1931లో పూర్తిచేయగా, 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైనది. బస్తరు ఇనుప ఖనిజం కోసం 1960 దశకంలో కొత్తవలస - కిరండూల్ మార్గం వచ్చినది. రైలుకు ఉన్న ఈ సౌకర్యం రోడ్డు రవాణాకు నేటి వరకు లేదు. పూర్వం 43వ నెంబరుగాను, ప్రస్తుతం 26వ నెంబరుగాను వ్యవహరింపబడుతున్న జాతీయ రహదారిపై బరువు లారీలు సుంకి ఘాట్ మలుపులు దిగి సాలూరు చేరి, అక్కడినుంచి రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం మీదుగా సాగవలసి ఉన్నది. కొత్త మార్గం వలన రాయపూర్ - విశాఖ దూరం సుమారు 130 కిలోమీటర్ల మేర తగ్గునని అంచనా.

మన రాష్ట్రంలో పనులను ఆలూరు - జక్కువ, జక్కువ - కొర్లాం, కొర్లాం - కంటకాపల్లి, కంటకాపల్లి - సబ్బవరం అను నాలుగు భాగాలుగా విభజించి, హైబ్రిడ్ యాన్యుటీ విధానంలో అప్పగించడమైనది. ఈ విధానంలో వ్యయంలో 40 శాతాన్ని ప్రభుత్వం నిర్మాణ కాలంలోనే చెల్లిస్తుంది. తక్కినది గుత్తేదారు సంస్థ సమకూర్చుకొని, నిర్మాణానంతరం వాయిదాల రూపంలో రాబట్టుకుంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినందున సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాకు, సబ్బవరం అనకాపల్లి జిల్లాకు చెందినవి. పాత దస్త్రాలలో ఇవి విజయనగరం, విశాఖపట్నం జిల్లాల కిందనే కనిపించును గనుక విలేకరులు గమనించవలసి ఉన్నది.

ఈ రహదారికి, ప్రజలు ఎరిగిన జాతీయ రహదారికి ముఖ్యమైన భేదం ఒకటి కలదు. ఇది ప్రవేశ నియంత్రణ గల రహదారి. నిర్ణీత ఇంటర్‌ఛేంజ్‌ల వద్ద తప్ప ఎక్కడా ఎక్కుటకు, దిగుటకు వీలుండదు. ఎడ్లబండ్ల వంటి నెమ్మదిగా నడిచే వాహనాలను ఇటువంటి మార్గాలపై సాధారణంగా అనుమతించరు. కనుక ఊరి పక్కగా రోడ్డు పోయినంత మాత్రాన ఆ ఊరికి రోడ్డు వచ్చినట్లు కాదు. గరివిడి, బొబ్బిలి ఫెర్రో ఎల్లాయ్ పరిశ్రమలకు గాని, మెంటాడ, గంట్యాడ మండలాల కూరగాయల రైతులకు గాని కలిగే ప్రయోజనం సమీప ఇంటర్‌ఛేంజ్ ఎంత దూరమున్నది, అక్కడికి పోయే జిల్లా రోడ్డు ఏ స్థితిలో ఉన్నది అన్న రెండింటిపై ఆధారపడి ఉన్నది. లారీల పట్టణంగా పేరొందిన సాలూరు విషయం మరింత జాగ్రత్తగా చూడవలసినది. అక్కడి లారీ యజమానులు, డ్రైవర్లు, బాడీ బిల్డింగు షెడ్లు, మెకానిక్కులు, దాబాలు అన్నీ పాత రహదారిని నమ్ముకొని ఎదిగినవే. సరకు కొత్త దారి పట్టిన పిమ్మట వీరి వృత్తి ఏమగునన్నది ఇప్పుడే ఆలోచించదగినది.

భూసేకరణ జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం జరుగుతుంది. పత్రికలలో తరచుగా కనిపించే 3-ఎ, 3-డి, 3-జి అను మాటలు ఆ చట్టంలోని సెక్షన్లు. 3-ఎ అనగా భూమి తీసుకొనదలచినట్లు ప్రకటన. అది వెలువడిన 21 రోజులలోగా అభ్యంతరాలు తెలుపుకోవచ్చును. 3-డి ప్రకటనతో భూమి కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడుతుంది. 3-జి కింద పరిహారం నిర్ణయమవుతుంది. ఆ మొత్తంతో తృప్తి చెందనివారు ఆర్బిట్రేటరును ఆశ్రయించవచ్చును. 2015 జనవరి 1 నుంచి 2013 నాటి భూసేకరణ చట్టపు పరిహార నిబంధనలు దీనికి వర్తిస్తున్నవి. నూరు శాతం సొలేషియం ఇందులో భాగమే.

అయితే మార్కెట్ విలువకు రిజిస్ట్రేషన్ దస్తావేజులు ప్రధాన ఆధారం. పల్లెలలో అమ్మకపు ధరను తక్కువచేసి వ్రాయించడం అందరూ ఎరిగినదే. రైతు మనసులోని ధరకు, అవార్డులోని ధరకు మధ్య వ్యత్యాసం చాలావరకు ఇక్కడే పుడుతుంది. కౌలుదారుల సంగతి మరొకటి. మూడేళ్లుగా ఆ భూమిపైనే ప్రధానంగా ఆధారపడి జీవించినవారిని సైతం 2013 చట్టం ప్రభావిత కుటుంబాలుగా గుర్తిస్తున్నది. నోటి మాట కౌలే వాడుకగా ఉన్న గ్రామాలలో దీనిని రుజువు చేసే కాగితం ఉండదు. గ్రామ సభలో విచారించి వ్రాసుకొనవలసినదే.

నీటి పారుదల కూడా అంతే ముఖ్యం. చంపావతి, గోస్తనీ పరీవాహక ప్రాంతాలలో కొండ వాగుల నీరు గెడ్డల ద్వారా చెరువులకు చేరుతుంది. ఎత్తయిన రోడ్డు కట్ట అడ్డు వచ్చినచోట తూము చాలకపోయినచో ఎగువన ముంపు, దిగువన ఎండుడు తప్పవు. తూముల పరిమాణం, అండర్‌పాస్‌ల స్థానం నిర్ణయించేటప్పుడు ఆయకట్టు రైతుల మాట వినడం కట్ట లేచిన తరువాత చేసే మార్పులకన్న సులువు.

శ్రీకాకుళం జిల్లా ఈ కారిడార్‌పై లేదు. ఆ జిల్లాకు ఇచ్ఛాపురం నుంచి సాగే 16వ జాతీయ రహదారియే వెన్నెముక. సంతబొమ్మాళి మండలం మూలపేట వద్ద 2023 ఏప్రిల్ 19న ఓడరేవు పనులకు శంకుస్థాపన జరిగినది. చిలకపాలెం - రాజాం - రామభద్రపురం రోడ్డు ఈ తీరపు రహదారిని సాలూరు వైపు మార్గంతో కలుపుతున్నది. ఆ రోడ్డు బాగున్నంత మేరకే శ్రీకాకుళానికి కారిడార్ అందుబాటులో ఉండును.

సబ్బవరం వద్ద కారిడార్ అనకాపల్లి - ఆనందపురం ఆరు వరుసల రహదారిని కలుస్తుంది. అక్కడినుంచి రేవు వరకు గల నగర రద్దీలో లారీలు నిలిచిపోయినచో ఆదా అయిన సమయం వృథా కాగలదు. ఇందుకుగాను కాన్వెంట్ జంక్షన్ - షీలానగర్ మధ్య రేవుకు ప్రత్యేక రహదారిని ప్రతిపాదించి, దానికి కూడా 2022 నవంబరు 12ననే శంకుస్థాపన చేయడం జరిగినది.