గోలు కొట్టనివాడి గొప్ప

సాయంత్రం ఆటల పీరియడ్‌లో పి.ఇ.టి. సారు నన్ను బ్యాక్‌లో నిలబెడితే నాకు ఏడుపొచ్చేది. గోలు కొట్టినవాణ్ణి అందరూ ఎత్తుకుంటారు, గోలు ఆపినవాణ్ణి ఎవరు చూస్తారు అనుకునేవాణ్ణి. వర్జిల్ వాన్ డైక్ గురించి తెలిశాక నా మనసు మారింది.

ఈయన 1991లో నెదర్లాండ్స్ దేశంలోని బ్రెడా ఊళ్లో పుట్టాడు. కుర్రతనంలో విల్లెం టూ అనే క్లబ్బులో ఆట నేర్చుకుంటూ, ఒక హోటల్లో ప్లేట్లు కడిగేవాడు. అక్కడ పెద్ద జట్టులో చోటు దొరకలేదు. 2010లో గ్రోనింగెన్ క్లబ్బుకు పోయాడు. 2012లో అపెండిక్స్ ముదిరి ప్రాణం మీదకొచ్చింది. కోలుకుని 2013లో స్కాట్లాండ్‌లోని సెల్టిక్‌కు, 2015లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌కు మారాడు. దేశం జట్టుకు మొదటిసారి ఆడింది ఆ ఏడే, 24 ఏళ్ల వయసులో! 2018లో లివర్‌పూల్ క్లబ్బు 7.5 కోట్ల పౌండ్లు ఇచ్చి తీసుకుంది. అప్పటిదాకా ఏ డిఫెండరుకూ అంత ధర పలకలేదు. 2019లో ఆ జట్టు ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. 2020లో మోకాలి లిగమెంటు దెబ్బతిన్నా మళ్లీ లేచి, 2023లో ఆ క్లబ్బు కెప్టెన్ అయ్యాడు.

ఇంత ఆలస్యం ఎందుకు? ఫార్వర్డ్ పదిసార్లు తప్పి ఒక్క గోలు కొట్టినా చప్పట్లే. బ్యాక్ ఒక్కసారి తప్పితే గోలు పడిపోతుంది. అందుకే వాడిమీద నమ్మకం మెల్లగా కుదురుతుంది. చిన్న క్లబ్బు, కొంచెం పెద్ద క్లబ్బు, ఇలా మెట్టు మెట్టు ఎక్కాలి.

మనమూ రోజూ ప్లేట్లు కడుక్కునేవాళ్లమే కదా! ఇప్పుడు సారు పిలవకముందే నేను వెళ్లి బ్యాక్‌లో నిలబడుతున్నాను.