నూనెపై నిలిచిన బండి

పండుకొన్న ఆవు లేచునపుడు మొదట వెనుక కాళ్ళను లేపి, ముంగాళ్ళ మోకాళ్ళపై క్షణమాత్రము ఆగి, ఆపైన ముందుభాగమును ఎత్తును. గుఱ్ఱమునకు ఈ క్రమము తలక్రిందులు. 1955వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన పారిస్ మోటారు ప్రదర్శనమున సిట్రోయెన్ కంపెనీవారు జనుల ముందు నిలిపిన డి.ఎస్. 19 అను కారు ఈ విషయమున గోజాతికి చెందినది. ఇంజను ఆడించిన కొంతసేపటికి అది తొలుత వెనుక భాగమును, తరువాత మూతిని పైకెత్తి, ఒళ్ళు విరుచుకొన్నట్లు నిలుచుండెడిది. ప్రదర్శనపు తలుపులు తెరచిన తొలి పావుగంటలో 743 మంది, సాయంకాలము లోపల ఇంచుమించు పండ్రెండువేలమంది దానిని కొనుటకు పేర్లు నమోదు చేయించుకొనిరట. ఆ కారు బరువును మోయుటకు ఇనుప స్ప్రింగు ఒక్కటియు లేదు. నూనెయు గాలియు కలిసి దానిని మోయుచుండెను.

దీనిని సాధించినవాడు పాల్ మజెస్. విశ్వవిద్యాలయపు గడప తొక్కనివాడు, పట్టాలేని ఇంజనీరు. కంపెనీ పెద్ద బూలాంజే ఇతని బుద్ధిని గుర్తించి పరిశోధనపు పనిలో నిలిపినందువలన, రెండవ ప్రపంచ యుద్ధపు గడ్డుకాలమున మొదలైన ఆలోచన 1954లో ట్రాక్షన్ అవాఁ అను పాత కారు వెనుక చక్రములకు, మరుసటి యేట డి.ఎస్. నాలుగు చక్రములకును అమరినది. ఇనుప స్ప్రింగులు లేని కార్లను 1920లలోనే జార్జి మెస్యే అను ఫ్రెంచివాడు కట్టి చూపియుండెను గాని, అవి జనసామాన్యమునకు అందినవి కావు. అతని పేరు నేడు కార్లకన్న విమానముల చక్రపు కాళ్ళ తయారీ వలననే నిలిచియున్నది.

ఇందలి కిటుకును తెలిసికొనుటకు మన లారీల కమాన్లను ఒకమారు తలచుకొనిన చాలును. ఖాళీ లారీ గతుకులలో ఎగిరెగిరి పడును. సరకు నింపగానే అదే లారీ మెత్తగా, ఒకింత క్రుంగి సాగును. ఇనుము యొక్క బిగువు ఎల్లవేళల ఒక్కటే; బరువు మారినంతనే అది మారదు. గాలి యట్లు కాదు. మూసిన పాత్రలోని గాలిని మెల్లగా సగమునకు నొక్కినచో దాని ఒత్తిడి రెట్టింపగునని రాబర్ట్ బాయిల్ 1662లోనే ప్రకటించియుండెను. అనగా నొక్కినకొలది గట్టిపడు స్ప్రింగు మనకు ఉచితముగా లభించినదన్నమాట. మజెస్ చేసినదేమనగా, గుప్పిట పట్టనంత ఉక్కు గోళమును తీసికొని, నడుమ రబ్బరు పొరను అడ్డముంచి, పై అరలో నత్రజనిని బంధించి, క్రింది అరను నూనెగొట్టముతో చక్రమునకు కలుపుట. చక్రము గతుకెక్కినపుడు నూనె పైకి తన్నుకొనివచ్చి నత్రజనిని నొక్కును; గోళపు మెడలోనున్న సన్నని కవాటము ఆ నూనె రాకపోకలకు అడ్డుపడి ఊపును చల్లార్చును. నలుగురు మనుష్యులు ఎక్కి కారు క్రుంగినదా, ఒక మీట ఆ సంగతిని కనిపెట్టి, పంపునుండి మరికొంత నూనెను లోనికి వదలును. కారు పూర్వపు ఎత్తునకు వచ్చును, నత్రజని మాత్రము ఇంకను ఒదిగి, పెరిగిన బరువునకు తగినంత బిగువు వహించును. నూనె ఎత్తును కాపాడును. గాలి కుదుపును మ్రింగును.

ఆ మీట మందబుద్ధి వలె మసలుట ఇందలి మరియొక చమత్కారము. ప్రతి గతుకునకును ఉలికిపడి నూనెను పోయుచు తీయుచు నుండినచో బండి పిచ్చియెత్తినట్లు ఊగును గనుక, కొన్ని క్షణములు ఓర్చి, మార్పు నిలుకడైనదని తోచినపుడే అది కదలునట్లు ఏర్పరచిరి.

అన్నియు సుఖముగానే జరిగెనని కాదు. తొలినాటి ఎఱ్ఱని ద్రవము గాలిలోని తేమను పీల్చి లోపలి లోహమును తుప్పు పట్టించెడిది. 1966 చివరినుండి దాని స్థానమున పచ్చని ఖనిజ తైలమును ప్రవేశపెట్టి, పొరపాటున ఒకదాని బదులు మరొకటి పోయకుండుటకు గోళములకు కూడ పచ్చరంగు పూసిరి. ఈలోపల 1962 ఆగస్టు 22వ తేదీన పారిస్ శివారు పెతీ క్లమార్ వద్ద ద గోల్ అధ్యక్షునిపై తుపాకులు ప్రేలగా, టైర్లలో గుండ్లు దిగియు ఆయన డి.ఎస్. కారు ఆగక దూసికొనిపోయి ఆయనను బ్రతికించినది. 1965లో వచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో ఈ విద్యను సిట్రోయెన్ అనుమతితో అరువు తెచ్చుకొనెను. పుట్టినింట మాత్రము 2017లో సి5 అను కారుతో ఆ దీపము కొండెక్కినది. ఫ్రాన్సువారు విడిచిన వారసత్వమును అప్పటికే జపానువారు వేరొక దారిన, అడవిదారిన, నడుపుచుండిరి.

1998లో టొయోటావారి లెక్సస్ శాఖ ఎల్.ఎక్స్. 470 అను ఎస్‌యూవీని విడుదల చేసెను. లాండ్ క్రూయిజర్ 100కు ఇది తోలుసీట్లు తొడిగిన తోబుట్టువు. ఎనిమిది సిలిండర్ల 4.7 లీటర్ల ఇంజను, రెండున్నర టన్నులకు చేరువైన బరువు. గేరు కఱ్ఱ ప్రక్క మీటను నొక్కినచో ఈ మహాకాయము రెండంగుళములు అటు ఇటుగా దిగి పెద్దలను ఎక్కించుకొనును, లేదా దాదాపు అంతయే పైకెగసి రాళ్ళను దాటును. వేగము పుంజుకొనగానే అడుగకయే మామూలు ఎత్తునకు దిగివచ్చును. అయితే టొయోటా ఇంజనీర్లు మజెస్ వలె నూనెనే పూర్తిగా నమ్మినవారు కారు. వెనుక కాయిల్ స్ప్రింగులు, ముందు టార్షన్ బార్లు, అనగా పురి పెట్టిన ఉక్కు కడ్డీలు, బరువులో పెద్ద పాలును మోయుచుండగా, మిగిలిన పాలును నాలుగు గోళములలోని నూనె మోయును. ఎడారి నడుమ నూనెగొట్టము పగిలినను బండి నేలకు అతుక్కొనిపోరాదని కాబోలు ఈ ఇరుపక్షముల ఏర్పాటు. నా దృష్టిలో ఇది మజెస్ సొగసునకు తక్కువది, సంసారపక్షమునకు ఎక్కువది.

ఇక చిక్కంతయు ఇక్కడ మొదలగును. ఇరువది యేండ్లు గడచి, ధర దిగి, ఈ విలాసవాహనములు రెండవ, మూడవ యజమానుల చేతబడినవి. అమెరికాలో యూటా రాష్ట్రపు మోయాబ్ చుట్టుప్రక్కల ఎఱ్ఱరాతి బండలపై తిరుగ గోరువారు మొదట కోరునది పెద్ద టైరు. (మన దేశమున మాత్రము, తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నముగా బండి స్వరూపమును మార్చరాదని మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను చెప్పును, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ మాటను నొక్కి పలికెను. కనుక ఇది ఆ గడ్డపైని ముచ్చటగానే చదువుకొనవలెను.) కంపెనీ ఇచ్చిన టైరు 275/70 ఆర్ 16: వ్యాసము 791 మిల్లీమీటర్లు. వేయగోరునది 285/75 ఆర్ 16: వ్యాసము 834. తేడా 43 మిల్లీమీటర్లు. అందు సగము, అనగా 21 మాత్రమే, బండిని నేలనుండి పైకెత్తును. తక్కిన సగము మడ్‌గార్డు వైపు పెరుగును. స్టీరింగును పూర్తిగా త్రిప్పి గతుకులో దిగినపుడు టైరు లోపలి తొడుగును బరబర గీకును. ఆ గీకుడును తప్పించుటకే బండిని ఎత్తుట. ఎత్తుగా అగపడవలెనను కోరిక కూడ దాని ప్రక్కన లేదని అనను.

మామూలు బండియైనచో పొడవాటి స్ప్రింగు వేసిన తీరిపోవును. ఈ బండిలో అట్లు చేసినవారికి ఒక వింత ఎదురగును. ముందు టార్షన్ బార్ల చివరనున్న పెద్ద బోల్టులను రెంచితో నాలుగైదు చుట్లు బిగించి, బండి లేచియుండునని టేపుతో కొలువగా, ఇంజను ఆడించిన వెంటనే అది మునుపటి ఎత్తుననే నిలిచియుండును! ఉక్కు కడ్డీ ఎక్కువ బరువును తన భుజమున వేసికొనగా, చక్రముల దగ్గరనున్న సెన్సారు ఎత్తు మించుచున్నదని కంప్యూటరునకు తెలుపును, కంప్యూటరు నూనెను వెనుకకు తీసివేయును; ఒత్తిడి తగ్గును, ఎత్తు మారదు. దీనికి విపర్యయముగా, మరియొకడు స్ప్రింగుల జోలికి పోక, సెన్సారు కడ్డీని కొద్దిగా జరిపి, "నీవు క్రుంగియున్నావు" అని బండిని నమ్మించును. బండి ఆ మాట నమ్మి బుద్ధిగా లేచును. పని అరగంటలో, పైసా ఖర్చులేక ముగియును. కాని లేచిన బండి క్రింద స్ప్రింగులు సాగి సడలిపోయినవి; అవి విడిచిన బరువంతయు నూనె నెత్తిన పడినది. ముందు చక్రముల నూనెకు కంపెనీ నిర్ణయించిన ఒత్తిడి 6.9 మెగాపాస్కల్‌లు, అనగా టైరులోని గాలి ఒత్తిడికి ఇంచుమించు ముప్పది రెట్లు. అది అంతకు మించినచో గోళములలోని నత్రజని ముందుగానే ఒదిగిపోయి, గతుకు వచ్చినపుడు ఒదుగుటకు చోటు మిగులదు. మెత్తని పల్లకి ఎడ్లబండి యగును.

ఎత్తును నిర్ణయించునది సెన్సారు. బరువును మోయునది స్ప్రింగు. ఈ రెంటికిని నడుమ మిగిలినదానిని సర్దుకొనునది నూనె. ఈ ముగ్గురి పాత్రలను విడదీసి తెలిసికొననివాడు బండిని ఎత్తగలడు గాని బాగుచేయలేడు. తెలిసిన మెకానిక్కు ముందుగా సెన్సారును జరిపి కోరిన ఎత్తునకు, సాధారణముగా ఒకటిన్నర నుండి రెండంగుళములకు, తెచ్చి, ఆపైన టార్షన్ బార్లను కొద్దికొద్దిగా బిగించుచు, వెనుక కాయిళ్ళకు 30 మిల్లీమీటర్ల దిమ్మెను చేర్చి, ప్రతి మార్పు తరువాతను కంప్యూటరునడిగి ఒత్తిడిని చూచుకొనుచు, అది పూర్వపు అంకెకు దిగువరకు విడువడు.

ఒత్తిడి చూచు పరికరము లేనివారికి ఒక పాత ఉపాయము కలదు. బానెట్టు ఎత్తి, నూనె తొట్టి ప్రక్క గీతలను చూడవలెను. బండిని పూర్తిగా పైకెత్తి నూనెమట్టమున్న గీతను గుర్తించి, పూర్తిగా దించి మరల గుర్తించిన, గోళములు కొత్తవైనచో ఈ రెంటికి నడుమ 14 గీతల తేడా యుండును. ఏడునకు దిగినచో రబ్బరు పొర సందులగుండ నత్రజని ఏండ్ల తరబడి చల్లగా జారిపోయినదని, గోళములు మార్చక తప్పదని గ్రహింపవలెను. ఇట్టి ముదుసలి గోళములతోనున్న బండిని ఎత్తబూనుట, ఉబ్బసము రోగిని కొండ ఎక్కింపబూనుట వంటిది.

అన్నియు సరిగ చేసినను ప్రకృతి తన పన్నును వసూలు చేయకపోదు. చక్రము పైకిని క్రిందికిని కదలగల మొత్తము దూరము ఒక్క మిల్లీమీటరు కూడ పెరుగలేదు; బండి నిలుచుండు చోటు మాత్రమే అందులో పైకి జరిగినది. అటకమీది జాడీ కొఱకు మునివేళ్ళపై నిలిచిన ఇల్లాలికి ఇంకను పైకి సాగుటకు తావెక్కడిది? గోతిలోనికి చక్రము వ్రేలాడవలసి వచ్చినపుడు ఈ కొరత తెలియును. ముందు చక్రములను త్రిప్పు ఇరుసుల కీళ్ళు ఎక్కువ కోణమున వంగి, రబ్బరు తొడుగులు నలిగి, గ్రీజు చిమ్మును. అందుచేత కొందరు ముందు డిఫరెన్షియల్‌ను ఒక అంగుళము క్రిందికి దింపుదురు, అనగా ఎత్తుటకై వచ్చినవారు దించుటతో ముగింతురు. వెనుక ఇరుసు బిగుసుగా ఒక్కటే దూలమగుటచే, బండి ఒంటిని ఎంత ఎత్తినను దాని నడిమి గుండునకును నేలకును గల దూరము టైరు ఇచ్చిన ఆ 21 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. రాయి తగులునది సాధారణముగా అక్కడనే. టైరు పెద్దదైనందున, వేగపు ముల్లు 100 చూపునపుడు బండి 105 వేగమున పోవుచుండును. వెనుక పొట్టక్రింద వ్రేలాడు స్టెప్నీకి కొత్త టైరు పట్టునో లేదో ముందుగా కొలువక, అడవిలో పంచరు పడినపుడు చింతించువారును కలరు.

ఇంత చేసియు, ప్రయాణము ముగిసి ఇల్లు చేరగానే, ఎత్తునకు అలవాటుపడని ముసలితల్లి దిగవలసియుండును. కొడుకు గేరు ప్రక్క మీటను నొక్కును. తొట్టిలోనికి నూనె బుసబుస తిరిగివచ్చుచుండగా, బండి మెల్లమెల్లగా మోకరించి, 1998లో దానిని కట్టిన ఇంజనీర్లు మామూలని గీసిన ఎత్తునకు ఇంచుమించుగా వచ్చి ఆగును.