కంచె మీద కాసే పులుపు

గోదావరి డెల్టా దక్షిణపు అంచున, నరసాపురానికి పడమరగా, సముద్రానికి చేరువలో ఉన్న మొగల్తూరు ప్రాంతపు నేల దూరం నుంచి చూసేవారికి అంతా ఒకే మట్టంగా కనిపించినా నిజానికి అలా ఉండదు. నది తెచ్చిన ఒండ్రు, అలలు ఒడ్డుకు నెట్టిన ఇసుక కలిసి వేల ఏళ్లుగా తీరాన్ని కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ రాగా, పాత తీరరేఖలు ఒకదాని వెనుక ఒకటిగా ఇసుక మెరకలై మిగిలాయి. వాటి నడుమ నీరు నిలిచే పల్లాలు ఏర్పడ్డాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలు పారిన తరువాత డెల్టా పల్లాలు వరిచేలకు నెలవయ్యాయి గాని, మెరకలు, కాలువ గట్లు, చెరువు గట్లు, బండ్లు నడిచే పుంతలు, దొడ్ల చుట్టూ వేసిన ముళ్ల కంచెలు నాగలికి దొరకకుండా ఉండిపోయాయి. అడవి పండు అనగానే పాపికొండల వైపు మన్యం గుర్తుకు రావడం సహజమే అయినా, అడవి అన్నది లేని ఈ మాగాణి సీమలో ఎవరూ నాటకుండా, నీరు పెట్టకుండా కాసే పండ్లన్నీ ఈ అంచుల మీదే పుడతాయి.

అంచుల మీదే ఎందుకు పుడతాయన్నదానికి కారణం పక్షులు. పికిలి పిట్టలు, గోరింకలు పండు తిని కంచె మీదనో గట్టున ఉన్న తాటిచెట్టు మీదనో వాలినప్పుడు వాటి రెట్టతో పాటు గింజ నేలకు చేరుతుంది. మొలిచిన మొక్కకు ముళ్లుంటే మేకలు దాని జోలికి అంతగా పోవు, దున్నే చోటు కాదు గనుక మనిషీ పీకడు. రేగు, పరికి, వాక్కాయ, బలుసు అనే నాలుగూ ముళ్ల మొక్కలే కావడం ఇందువల్లనే కావచ్చు. ముళ్లు లేనివాటిలో నేరేడు, జిగురు గుజ్జుండే బంక నక్కెర గట్ల మీద చెట్లుగా ఎదుగుతాయి. కామంచి, గాలిబుడగ వంటి తొడుగులో పండును దాచుకునే బుడ్డకాశ మాత్రం వానాకాలంలో ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ మొలిచే చిన్న మొక్కలు. గుజ్జులో గింజలు నేరుగా పొదిగి ఉండే పండును వృక్షశాస్త్రం మృదుఫలం అంటుంది, గింజ చుట్టూ గట్టి పెంకు ఉంటే టెంక ఫలం అంటుంది. ఆ లెక్కన వాక్కాయ, కామంచి మొదటి కోవకు, రేగు రెండవ కోవకు చెందుతాయి.

ఈ పండ్లను తెలుగు పేర్లతో సహా గ్రంథస్థం చేసినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి, ఆ తరువాత కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లిన ఈ స్కాట్లండు వైద్యుడు, 1795లో వెలువడడం మొదలైన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో కోరంగి దగ్గరి ఇసుక నేలల్లో పెరిగే పొట్టి ఈతను వర్ణించాడు. దాని పండు నల్లగా నిగనిగలాడుతుందని, కాండం లోపలి పిండిపదార్థాన్ని కరువు కాలంలో ప్రజలు ఆహారంగా వాడుకున్నారని ఆయన నమోదు చేశాడు. మంచి రోజుల్లో పిల్లలు సరదాగా ఏరుకునే పండు చెట్టే చెడ్డ రోజుల్లో ప్రాణం నిలిపిందన్న ఈ సంగతిని, బతికుంటే బలుసాకు తినవచ్చునన్న సామెతతో కలిపి చదువుకోవాలి. సామెతలో నిరుపేద తిండిగా నిలిచిన ఆ బలుసు పొద ఆకు కూరగా పనికివస్తే, పసుపు రంగుకు తిరిగిన పండు పిల్లల నోటికి తియ్యగా ఉంటుంది.

వంటింటి దృష్టితో చూస్తే వీటన్నిటిలో అగ్రస్థానం వాక్కాయదే. కలేకాయ, కలింకాయ అని కూడా పిలిచే ఈ కాయ, మామిడికాయ వెనుకబడుతున్న వేళ, తొలకరి వానలతో మొదలై శ్రావణం దాటేవరకు దొరుకుతుంది. అందువల్ల ఏడాది పొడవునా పులుపు కోరే గోదావరి వంటకు మామిడికీ కార్తీకపు ఉసిరికీ నడుమ ఉన్న ఖాళీని ఇదే పూరిస్తుంది. తెలుపు మీద గులాబి చాయ తిరిగిన పచ్చికాయలే కూరకు తగినవి. పండి నల్లబడినవి పులుపు తగ్గి తినడానికి బాగుంటాయి. కోసినప్పుడు తెల్లని పాలు కారి చేతికీ కత్తికీ అంటుకుంటాయి గనుక కాయలను రెండుగా చీల్చి, గింజలు తీసి, ఉప్పునీటిలో కాసేపు ఉంచి కడగడం ఆనవాయితీ.

వాక్కాయ పప్పు చేసేటప్పుడు కందిపప్పును ముందుగా మెత్తగా ఉడికించుకుని, పచ్చిమిర్చితో వేరుగా మగ్గించిన వాక్కాయ ముక్కలను తరువాత కలపాలన్న పద్ధతికి బలమైన కారణమే ఉంది: పులుపులోని ఆమ్లం పప్పు కణాల గోడలను బిగబట్టి ఉంచుతుంది గనుక రెండింటినీ మొదటి నుంచే కలిపి పొయ్యి మీద పెడితే పప్పు త్వరగా మెత్తబడదు. ఇదే కాయను పచ్చిమిర్చి, జీలకర్రతో రోట్లో నూరితే పచ్చడి, ఆవపిండి, కారం, నూనె పట్టిస్తే ఊరగాయ, సన్నగా తరిగి పోపులో వేయించి అన్నంలో కలిపితే పులిహోర అవుతాయి. తీరప్రాంతపు ఇళ్లలో రొయ్యల కూరకు కూడా ఇది చక్కగా అమరుతుంది. దీనిలో పెక్టిన్ అనే పదార్థం, అంటే పంచదారతోనూ ఆమ్లంతోనూ కలిసినప్పుడు రసాన్ని గడ్డకట్టించే సహజమైన జిగురు, సమృద్ధిగా ఉండడం వల్ల జామ్, జెల్లీ చేయడానికి బయటి నుంచి పెక్టిన్ కలపనక్కరలేదు. బేకరీలలో కేకుల మీద, బన్నుల మీద ఎర్రగా మెరిసే చెర్రీలలో చాలాభాగం రంగు వేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయలేనన్న సంగతి కొనేవారిలో ఎక్కువమందికి తెలియదు.

వాక్కాయది వానాకాలం కాగా రేగుది చలికాలం. భోగినాడు పిల్లల తలపై పోసే భోగిపండ్లుగా, రథసప్తమి స్నానంలో జిల్లేడు ఆకులతో పాటు ఉంచుకునే పండుగా రేగుకు పండుగలలో స్థానం స్థిరపడింది. కానీ దానికి నిజమైన గౌరవం రేగి వడియాలలో దక్కుతుంది. బాగా పండి మెత్తబడిన చిన్న రేగిపండ్లను టెంక చితకకుండా రోట్లో దంచి, బెల్లం, ఉప్పు, మిరపకాయలు, జీలకర్ర కలిపి, చిన్న బిళ్లలుగా ఒత్తి ఎండబెడతారు. ఎండ నీటిని లాగేయగా, మిగిలిన తేమను ఉప్పూ బెల్లమూ పట్టి ఉంచడంతో బూజుకు అవకాశం తగ్గి, వడియాలు నెలల తరబడి నిలుస్తాయి. బజారులో దొరికే కండగల గంగరేగుకన్నా గట్టు మీది చిన్న రేగుకు పులుపు, వాసన ఎక్కువ కావడం వల్ల వడియానికి అదే శ్రేష్ఠం. ఈ తేడా ఒకసారి నోటికి తెలిసినవారు మళ్లీ పెద్ద పండుతో తృప్తిపడలేరు.

నేరేడు వంట వరకు రావడం అరుదు. వగరుకు కారణమైన టానిన్లను కొంత అణచడానికి ఉప్పు అద్దుకుని తినడమే దానికి తగిన మర్యాద.

ఏరుకోవడంలో జాగ్రత్త అవసరం. కామంచి పండు నల్లబడిన తరువాతే తినదగినది. పచ్చికాయలో సోలనిన్ అనే విషపదార్థం ఉంటుంది. వాక్కాయ వలెనే పాలు కారే పచ్చగన్నేరు అదే కుటుంబానికి చెందినది, దాని గింజలు ప్రాణాంతకం. ఎర్రగా ఆకర్షించే గురివింద గింజ సంగతీ అంతే. పక్షి తిన్నది మనిషికి మంచిదన్న నమ్మకం చాలా ప్రమాదకరం గనుక ఊరిలో తెలిసినవారు మొక్కను చూపించి చెప్పిన పండునే నోట పెట్టుకోవాలి. గడ్డిమందు చల్లిన గట్టు మీద కాసినవాటిని, అవి ఎంత తెలిసిన పండ్లైనా సరే, వదిలివేయాలి.

ఫిన్లండు, స్వీడన్ దేశాలలో ఎవరి అడవిలోనైనా ప్రతి ఒక్కరూ అడవి పండ్లు ఏరుకునే హక్కు తరతరాలుగా గౌరవం పొందుతోంది. మొగల్తూరు వైపు అటువంటి హక్కు లేకపోయినా, పుంత పక్క రేగును అడిగి కోసేవారెవరూ ఉండరు. అది అందరిదీ అన్న భావన దానంతట అదే నిలిచింది. ఇప్పుడు కొరవడింది పండు కోసుకునే అనుమతి కాదు, పండు కాసే చోటు. కొన్ని దశాబ్దాలుగా వరిచేలు చేపల, రొయ్యల చెరువులుగా మారుతూ, పాత గట్లు తవ్వి కొత్త గట్లను యంత్రాలతో నున్నగా పోయడం, ముళ్ల కంచెల స్థానంలో ఇనుప తీగలు, ప్రహరీలు రావడం వల్ల పక్షి వాలే కొమ్మ, గింజ మొలిచే అంచు రెండూ తరిగిపోతున్నాయి. ఇది చేజేతులా చేసుకుంటున్న నష్టం, ఎందుకంటే ఉప్పు తగిలిన నేలను ఓర్చుకునే పండ్ల మొక్కలలో వాక్కాయ, రేగు ముందువరుసలో ఉన్నవి, నీటి ఎద్దడినీ తట్టుకుంటాయి; తీగ కంచె చేసే పనిని చేస్తూనే అవి కాయనూ ఇస్తాయి.

వాక్కాయ కంచె వేయదలచినవారు ముందుగా గుర్తుంచుకోవలసింది గింజ ఆయువు: అది ఎండితే మొలకెత్తే శక్తిని త్వరగా కోల్పోతుంది. అందువల్ల పూర్తిగా పండి నల్లబడిన కాయల నుంచి తీసిన గింజలను ఆ వానాకాలంలోనే విత్తి, నారు ఎదిగిన తరువాత మరుసటి వానలకు దొడ్డి అంచున దగ్గరదగ్గరగా నాటుకోవాలి. మూడో ఏటి నుంచి కాపు మొదలవుతుంది. అప్పటికి ముళ్లూ గట్టిపడి ఉంటాయి.