ఒక్క ఎత్తు, రెండు గురులు

చదరంగంలో ఒక వంతుకు ఒక్క ఎత్తే వేయాలన్న నియమం మీదే ఫోర్క్ అనే ఎత్తుగడ ఆధారపడి ఉంది. ఒక పావు ఒకే ఎత్తుతో ప్రత్యర్థి పావులు రెండింటి మీద గాని, అంతకన్నా ఎక్కువ వాటి మీద గాని గురిపెట్టడాన్ని ఫోర్క్ అంటారు; ప్రత్యర్థి ఒకదాన్ని తప్పించేసరికి అతని వంతు అయిపోతుంది కనుక రెండోది దాడి చేసినవాడి చేతికి చిక్కుతుంది. ఆ రెండింటిలో ఒకటి రాజయితే పట్టు మరింత బిగుస్తుంది, ఎందుకంటే చెక్ నుంచి రాజును తప్పించడం తప్పనిసరి, దానికి వాయిదా లేదు.

బంటు మొదలుకొని రాజు దాకా ప్రతి పావూ ఫోర్క్ వేయగలిగినా, ఈ విద్యలో గుర్రానిదే పైచేయి. బోర్డు నడుమ నిలిచిన గుర్రం 8 గళ్ల మీద గురిపెడుతుంది, మూలకు చేరితే ఆ సంఖ్య 2కు పడిపోతుంది. మంత్రి గాని, ఏనుగు గాని, శకటు గాని తన మీద గురిపెట్టిన గుర్రాన్ని తిరిగి కొట్టలేవు కనుక, 3 బంట్ల విలువ చేసే గుర్రం 9 బంట్ల విలువైన మంత్రిని జంకు లేకుండా బెదిరిస్తుంది.

గుర్రం ప్రతి దూకుతోనూ గడి రంగు మారుస్తుంది. అందువల్ల అది ఒకేసారి గురిపెట్టే పావులన్నీ ఒకే రంగు గళ్లలో ఉండి తీరాలి. కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా గుర్రం ఎక్కడికి దూకగలదో వెతుకుతారు గాని, ప్రత్యర్థి రాజు, మంత్రి ఒకే రంగు గళ్లలో ఉన్నాయా అని ముందు చూసి, ఆ రెండింటినీ కలిపే గడిని ఆ తరువాత వెతకడమే సరైన క్రమం.

1966లో మాస్కోలో టిగ్రాన్ పెట్రోసియన్, బోరిస్ స్పాస్కీల మధ్య జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులోని 10వ ఆట ఈ రంగు సూత్రానికి చక్కని నిదర్శనం. స్పాస్కీ మంత్రి జి5 అనే నల్లగడిలో, రాజు జి8 అనే తెల్లగడిలో, ఏనుగు ఎఫ్7లో ఉన్నాయి. పెట్రోసియన్ గుర్రం డి6లో ఉంది. రంగులు వేరు కనుక ఆ రాజుకూ మంత్రికీ కలిపి గుర్రంతో గురిపెట్టడం అసాధ్యం. రక్షణ ఆటకే పేరుపడిన పెట్రోసియన్ 30వ ఎత్తులో తన మంత్రిని హెచ్8 గడిలో పెట్టి చెక్ చెప్పాడు. దాన్ని కొట్టడం తప్ప రాజుకు మరో దారి లేదు. కొడితే రాజు నల్లగడిలోకి వస్తాడు, గుర్రం ఎఫ్7లోని ఏనుగును తీసుకుంటూ రాజుకు చెక్ చెబుతుంది, ఆపై జి5లోని మంత్రి కూడా పోతుంది. స్పాస్కీ అక్కడే ఓటమి ఒప్పుకున్నాడు. ఇలా ప్రత్యర్థి పావును కావలసిన గడికి రప్పించే బలిని డెకాయ్ అంటారు. ఫోర్క్‌లోని అసలు నేర్పు ఇక్కడే కనిపిస్తుంది.

బంటు వేసే ఫోర్క్‌కు ఇంత ఆర్భాటం ఉండదు గాని, దాని విలువ అతి తక్కువ కనుక ఎదుటి పావుకు రక్షణ ఉన్నా నష్టం ఎదుటివారికే. నాలుగు గుర్రాలూ బయటికి వచ్చి, తెల్లవారి శకటు సి4 చేరిన ప్రారంభాల్లో, నల్లవారు గుర్రంతో ఇ4 బంటును కొట్టి, ఆ గుర్రాన్ని తెల్లగుర్రం తీసుకోగానే డి5కి బంటును నెడతారు. ఆ బంటు శకటు మీదా, గుర్రం మీదా ఒకేసారి గురిపెడుతుంది. అయితే ఈ ఫోర్క్ అదనంగా ఏ పావునూ సంపాదించిపెట్టదు: తెల్లవారు శకటును డి3కి తప్పిస్తే బంటు గుర్రాన్ని కొడుతుంది, శకటు ఆ బంటును కొడుతుంది, పావుల లెక్క మళ్లీ సమమవుతుంది. నల్లవారికి దక్కేది బోర్డు నడుమ అడ్డంకులు తొలగిన సుఖమైన స్థితి.