మజ్జిగతో తగ్గే విరేచనాలు కావవి

మావారికి లివరు క్యాన్సరని తెలిసేసరికే ఆపరేషనుకి వీల్లేని స్థితి. గడ్డ రక్తనాళంలోకి పాకిందన్నారు. కీమో ఎక్కిస్తారని నేను బెంగపడుతుంటే "ఇది కీమో కాదమ్మా, ఇమ్యునోథెరపీ" అన్నారు డాక్టరుగారు.

నాకర్థమైనంతలో చెబుతాను. జబ్బుతో పోరాడే కణాలు మన ఒంటిమీదే విరుచుకుపడకుండా వాటికి బ్రేకులాంటిదొకటి ఉంటుంది. క్యాన్సరు ఆ బ్రేకు నొక్కిపెట్టి తప్పించుకుంటుంది. ఈ మందు బ్రేకుని వదిలిస్తుంది. ఈ కిటుకు కనిపెట్టిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకి 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. మావారికి అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అని రెండు మందులు 21 రోజులకోసారి సెలైనులా ఎక్కిస్తున్నారు. 2020లో వెలువడిన పరిశోధనలో ఈ రెండూ తీసుకున్నవారిలో ఏడాది తర్వాత నూటికి 67 మంది బతికున్నారట. సొరాఫెనిబ్ మాత్రలు వేసుకున్నవారిలో 55 మంది. ఇంతేనా తేడా అనిపిస్తుంది. ఆ పన్నెండు మందిలో మనవాళ్ళు ఉంటే?

ఖర్చా? నా చేతులకిప్పుడు మట్టిగాజులే.

ముందుగా ఎండోస్కోపీ అంటే విసుక్కున్నాం. లివరు గట్టిపడినవాళ్ళకి అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బుతాయి. బెవాసిజుమాబ్‌తో అవి చిట్లి రక్తం పోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ పరీక్షకి బద్ధకించకండి.

మూడోసారి ఎక్కించిన వారానికి ఆయనకి విరేచనాలు పట్టుకున్నాయి. ముందురోజు పెళ్ళిభోజనం తిన్నారు కదా, అదే అనుకున్నాను. పలచటి మజ్జిగ, సగ్గుబియ్యం జావ... పిల్లలకి ఇన్నేళ్ళూ చేసిన వైద్యమే. మూడోనాటికి రోజుకి ఐదారుసార్లు వెళ్తున్నారు, మనిషి వాడిపోయారు. అప్పుడు ఫోను చేస్తే నర్సమ్మ "మొదటిరోజే ఎందుకు చెప్పలేదండీ?" అంది. బ్రేకు వదిలిన కణాలు పేగుమీద పడ్డాయట! స్టెరాయిడ్లిచ్చి తగ్గించారు, తర్వాతి డోసు వాయిదా వేశారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం "మజ్జిగ బాగానే ఉందిలే" అన్నారు.

అప్పట్నుంచి పాలలెక్క రాసే క్యాలెండరులోనే ఆయన బీపీ, విరేచనాలు, దద్దుర్లు, దగ్గు, ఆయాసం అన్నీ రాస్తున్నాను. లేవలేనంత నీరసమున్నా చెప్పాలి, థైరాయిడు దెబ్బతిని ఉండొచ్చు. మందులషాపులో అడిగి విరేచనాలు కట్టే బిళ్ళ వేసేయకండి.

ఇక చుట్టాలు పసరు మందనీ, తిప్పతీగ కషాయమనీ ప్రేమగానే తెస్తారు. తిప్పతీగతో లివరు దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే ఉన్నాయి. తీసుకుని పక్కన పెట్టేయండి, వాళ్ళతో తగువెందుకు! పథ్యమని పప్పు, గుడ్డు మానిపిస్తే కండ కరిగిపోతుంది. కాళ్ళవాపు, పొట్టలో నీరు ఉంటే ఉప్పు తగ్గించాలి. రాత్రి పడుకునేముందు కూడా కాస్త ఏదైనా తినమన్నారు. నేను పెసరట్టు ముక్కో, గ్లాసు పాలో ఇస్తున్నాను.

మొన్నటి స్కానులో గడ్డ తగ్గలేదు, పెరగనూ లేదు. "అదీ మంచి కబురే" అన్నారు డాక్టరుగారు. వచ్చే మంగళవారం మళ్ళీ ఎక్కించాలి. క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాను.