రెండూళ్ల కాపురం.. పన్ను ఎక్కడ?

వారమంతా జిగణి.. సెలవొస్తే సొంతూరు
బండికి 12 నెలలే గడువు.. వృత్తి పన్ను పనిచేసే చోటే

జిగణి (బెంగళూరు): శనివారం షిఫ్టు వదిలే వేళ జిగణి ఏపీసీ సర్కిల్‌లో నిలబడితే తెలుగు మాట గట్టిగానే వినిపిస్తుంది. ఆనేకల్ తాలూకాలోని ఈ పారిశ్రామికవాడలో గ్రానైట్ పలకలు కోసి పాలిష్ పట్టే యూనిట్ల నుంచి మందుల కంపెనీల దాకా మనవాళ్లున్నారు. హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లె, కుప్పం.. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొందరు అద్దెకు, మరికొందరు అప్పు చేసి కొన్న ఫ్లాటులో ఉంటున్నారు. ఊళ్లో ఇల్లూ, పొలమూ అలాగే ఉన్నాయి. పండగకు, పంట కోతకు, పెద్దవాళ్ల ఆస్పత్రి పనికి అటూఇటూ తిరగక తప్పదు. ఇలాంటివారిని వేధించేది ఒకే ప్రశ్న. ఇంతకీ మనం ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తాం? పన్ను ఎక్కడ కట్టాలి? జవాబు మాత్రం ఒకటి కాదు. ఒక్కో పన్నుది ఒక్కో లెక్క.

ఆదాయపు పన్నుకు సరిహద్దు లేదు

జీతంపై ఆదాయపు పన్ను కేంద్రానిది. జిగణిలో ఉన్నా, ఊళ్లో ఉన్నా రేటు ఒకటే. తరచూ వినిపించే 182 రోజుల లెక్క దేశంలో ఉన్న రోజులకు సంబంధించినది. గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో వచ్చిపోయేవారికే దాంతో పని. బాగేపల్లి దాటి వచ్చేవారికి కాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లల పరిస్థితి వేరు. అక్కడ చాలా రాష్ట్రాలకు సొంత ఆదాయపు పన్ను ఉంది. వేరే రాష్ట్రంలో కాపురమున్నా న్యూయార్క్‌లో స్థిర నివాసం ఉండి, ఏడాదిలో 183 రోజులు దాటి అక్కడ గడిపితే ఆ రాష్ట్రవాసిగానే లెక్కగడతారు. న్యూజెర్సీలో ఉంటూ న్యూయార్క్‌లో ఉద్యోగం చేసిన ఒకాయనకు అక్కడి పల్లెపట్టున విడిది ఇల్లు ఉంది. ఏడాదికి మూడు వారాలకు మించి వాడనిది స్థిర నివాసం కాదని 2022లో కోర్టు తేల్చాకే ఆయనకు ఊరట దక్కింది. మనకు ఆ తలనొప్పి లేదు.

రెండిళ్లున్నా భయం లేదు

గతంలో సొంతానికి వాడుకునే రెండో ఇంటికి అద్దె రాకపోయినా, వచ్చినట్లే ఊహించి పన్ను వేసేవారు. 2019-20 నుంచి రెండిళ్ల దాకా ఆ ఊహా అద్దె లేదు. జిగణి ఫ్లాటులో మీరు, ఊరింట్లో అమ్మానాన్న ఉంటే చిక్కే లేదు. ఊరిల్లు అద్దెకిస్తే మాత్రం, కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం తీసేసి మిగతాది ఆదాయంలో చూపాలి.

ఊళ్లో సొంతిల్లు ఉండి జిగణిలో అద్దెకుంటే ఇంటి అద్దె భత్యం మినహాయింపు పోతుందా? పోదు. అయితే అది పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. కొత్త విధానంలో ఆ మినహాయింపు లేదు గానీ, 2025-26 నుంచి రూ.12 లక్షల దాకా మామూలు ఆదాయంపై పన్నే పడదు.

పొలం ఆదాయానికి, కౌలు డబ్బుకు కేంద్రం పన్ను లేదు. కానీ అది రూ.5 వేలు దాటి, జీతం కూడా పన్ను పరిధిలో ఉంటే రేటు తేల్చేందుకు దాన్నీ కలుపుతారు. కాబట్టి రిటర్నులో దాచకుండా చూపడమే మంచిది.

జీతం చీటీలో తేడా

వృత్తి పన్ను రాష్ట్రానిది. రేషన్ కార్డు ఎక్కడుందన్నది కాదు, పని ఎక్కడన్నదే ముఖ్యం. కర్ణాటకలో 2023 ఏప్రిల్ నుంచి నెల జీతం రూ.25 వేల లోపుంటే ఈ పన్ను లేదు. ఆపైన నెలకు రూ.200. 2025 నుంచి ఫిబ్రవరిలో మాత్రం రూ.300 కోస్తున్నారు. ఏడాదికి మొత్తం రూ.2,500. రాజ్యాంగం పెట్టిన గరిష్ఠ పరిమితీ అంతే. ఆంధ్రలో రూ.15 వేలు దాటితే 150, రూ.20 వేలు దాటితే 200. అంటే రూ.22 వేల జీతగాడికి జిగణిలో పైసా కోత లేదు. అదే జీతానికి హిందూపురంలో పనిచేస్తే ఏడాదికి రూ.2,400 పోతుంది.

అసలు చిక్కు బండిదే

ఆంధ్ర నంబరు బండి ఇక్కడ నడుపుతున్నవారు జాగ్రత్తపడాలి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. 30 రోజులు దాటితే జీవితకాల పన్ను కట్టాలంటూ కర్ణాటక 2014లో తెచ్చిన సవరణను 2016లో హైకోర్టు కొట్టేసింది. అలాగని ఏళ్లతరబడి తిప్పితే ఊరుకోరు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో బయటి నంబర్లతో తిరుగుతున్న 30 ఖరీదైన కార్లను రవాణా శాఖ పట్టుకుంది.

నంబరు మార్చుకోవాలంటే ముందు ఊరి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. బండికి అప్పుంటే ఫైనాన్స్ కంపెనీ అనుమతి కూడా కావాలి. ఇక్కడ పన్ను కట్టాక, అక్కడ ముందే కట్టిన దాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు. రసీదులు పారేయకండి. బండి తరచూ ఊరెళ్లి వచ్చేదైతే ఫాస్టాగ్ వివరాలు, సర్వీసింగ్ బిల్లులు దాచుకుంటే తనిఖీలో చూపించుకోవచ్చు.

2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరుకు ఈ బాధ లేదు. కాకపోతే అది ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల సిబ్బందికే. జిగణిలోని చిన్న యూనిట్ల కార్మికులకు దక్కేది కాదు.

పన్ను రెండుచోట్ల.. ఓటు ఒక్కచోటే

ఇంటి పన్ను ఇల్లున్న చోటే. జిగణి ఫ్లాటుకు ఇక్కడి పురసభలో, ఊరింటికి పంచాయతీలో.. రెండూ కట్టాల్సిందే. ఓటు మాత్రం రెండుచోట్ల ఉండకూడదు. ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. మామూలుగా ఎక్కడ ఉంటున్నారన్నదే లెక్క. తప్పుడు వివరాలిచ్చి నమోదు చేయించుకుంటే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఊరి మీద మమకారంతో అక్కడా, అవసరం కొద్దీ ఇక్కడా పేరు రాయించుకున్నవారు ముందు ఒకటి తీయించుకోవాలి.