ఎపాక్సీ కుంచెను కడుగు విధము

పెండ్లిదండలోని పూవులను ఎపాక్సీ రెసినులోఁ బోసి పలకగా నిలుపుకొను వేడుక నేఁడు మన యిండ్లలోనికిని వచ్చినది. జూబిలీహిల్సు, ఫిలింనగరులలో సినిమా సెట్లకు రంగులు వేయువారు నూనెరంగు కుంచెను టర్పెంటైనుతోఁ గడుగుదురు. ఎపాక్సీకి అది చాలదు, ఎసిటోను కావలయును. గోళ్లరంగు తీయు ద్రవములలోఁ బెక్కింట నున్నది అదియే.

గట్టిపఱచు ద్రవమును కలిపిన రెసిను గడ్డకట్టకముందే కుంచెను గుడ్డతోఁ దుడిచి, ఎసిటోనులో నాడింపవలెను. పిమ్మట నే ద్రావకమునకును లొంగదు. (నా మంచి కుంచెలు రెండు ఇట్లే పోయినవి.)

ఎసిటోను సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలోనైనను మంట నందుకొను ఆవిరి నిచ్చును. ఆ యావిరి గాలికంటె బరువైనది. నేలవెంబడిఁ బ్రాకి దూరమందలి పొయ్యినుండియైనను అంటుకొనును. వంటయింట నీ పని వలదు. కిటికీలు తెఱచియుంచవలెను.

చేతి కంటిన రెసినును ఎసిటోనుతోఁ గడుగరాదు; అది రెసినును చర్మములోనికి దింపును. ఒకసారి దద్దురు పట్టెనా, జీవితాంతము విడువకపోవచ్చును. సబ్బు, నీళ్లు చాలును. ముందే చేతితొడుగులు వేసికొనుట మేలు.

రెసిను చిక్కగా నున్నదని కొందఱు అందులో ఎసిటోను పోయుదురు. అది లోపలఁ జిక్కి పలకను మెత్తపఱచును. మూత బిగించిన రెసిను సీసాను గోరువెచ్చని నీట నుంచినఁ బలుచనగును. అయితే వెచ్చని రెసిను త్వరగా గట్టిపడును గనుక కొంచెము కొంచెముగాఁ గలుపుకొనుఁడు.